ఫలితానికి ముందే ఇవ్వాల్సిన మాట
(ఒక లెక్కల మాస్టారి స్మారక ఉపన్యాసం)



మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. అయితే ఆయన శిష్యులు ఎక్కడ కలిసినా ముందుగా తలుచుకునేది పదో తరగతి ఫలితాలు పేపర్లో పడే రోజునే. తెల్లవారకముందే ఆయన బస్టాండుకు వెళ్లేవారట. పేపరు కట్ట విప్పగానే ఒకటి కొనుక్కొని, లైటు కింద నిలబడి తన స్కూలు పిల్లల నంబర్లు వరసగా టిక్కు పెట్టుకునేవారట. ఫస్టు క్లాసు వచ్చినవాళ్ల ఇళ్లకు ఆయన వెళ్లనక్కర్లేదు, మిఠాయి పొట్లంతో వాళ్లే వస్తారు. పేపర్లో నంబరు లేని పిల్లల ఇళ్లవైపు సైకిలు తిప్పేవారు. ఊరు లేచి పేపరు చూసే వేళకు ఆ ఇంటి అరుగు మీద కూర్చొని ఉండేవారు. తండ్రి గొంతు లేవకముందే, “సెప్టెంబరులో మళ్లీ రాస్తాడు. రేపు సాయంత్రం నుంచి నా దగ్గరికి పంపించు” అనేవారు. అలా పంపించిన పిల్లల్లో కొందరు ఈ సభలో ముందు వరసలోనే ఉన్నారు. ఈ స్మారక నిధికి మొదటి చందా ఇచ్చింది కూడా వాళ్లేనని నిర్వాహకులు చెప్పారు.

ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు విషయం మీ ఇష్టం అన్నారు. ఏప్రిల్ నెలలో, మన రెండు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లు పదో తరగతి, ఇంటర్ ఫలితాల కోసం కళ్లలో వత్తులు వేసుకొని చూస్తున్న సమయంలో, ఆయన పేరు మీద మరో విషయం మాట్లాడబుద్ధి కాలేదు. పరీక్ష అయిపోయిన రోజుకూ ఫలితం వచ్చే రోజుకూ మధ్య ఉన్న ఆ కొన్ని వారాల్లో తల్లిదండ్రులు పిల్లలకు ఎలా అండగా ఉండాలి, ఏమి చేయాలి అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి, వేసవుల్లో మూల్యాంకన కేంద్రాల్లో పేపర్లు దిద్దిన మనిషిగా మాట్లాడుతున్నాను.

ఎదురుచూపు తీరు మారింది

మాస్టారి కాలంలో పేపర్లో పడేది ఒక్క నంబరే. ఉంటే పాసు, లేకపోతే ఫెయిలు. ఏ క్లాసులో పాసయ్యారో తెలిసేది కానీ ఏ సబ్జెక్టులో ఎన్ని వచ్చాయో మార్కుల లిస్టు స్కూలుకు వచ్చేదాకా తెలిసేది కాదు. ఆ నాలుగు రోజుల వ్యవధిలో ఇల్లు కొంచెం సర్దుకునేది.

ఇప్పుడు ఆ వ్యవధి లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, తెలంగాణ ఇంటర్ ఫలితాలు 22న వచ్చాయి. పదో తరగతివి ఆంధ్రప్రదేశ్‌లో 23న, తెలంగాణలో 30న వచ్చాయి. మంత్రిగారు బటన్ నొక్కిన నిమిషంలో ప్రతి సబ్జెక్టు మార్కూ ఫోనులో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ వాట్సాప్ ద్వారా కూడా ఇచ్చారు. సౌకర్యం మంచిదే. కానీ హాల్‌టికెట్ నంబరు తెలిసిన ఎవరైనా ఆ పిల్ల కంటే ముందే ఆ పిల్ల మార్కులు చూడగల రోజు ఇది. “నంబరు పంపించమ్మా, మేమూ ఇక్కడ చూస్తాం” అని మేనత్త అడుగుతుంది, పక్కింటివాళ్లు అడుగుతారు, ట్యూషన్ సారు అడుగుతాడు. అడిగినవాళ్లందరికీ ప్రేమగానే పంపిస్తాం. ఫలితం రోజున ఆ పిల్ల తన మార్కులు చూసుకొని తలెత్తేసరికి ఫోను మోగుతూ ఉంటుంది.

ఎదురుచూసే రోజులు కూడా తీరిక రోజులు కావు. ఇంటర్ చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే పెట్టె సర్ది ఎంసెట్ షార్ట్ టర్మ్‌కు పంపే ఇళ్లు ఎన్నో. పేరు ఈఏపీసెట్‌గా మారినా మనం ఎంసెట్ అనే అంటాం. మరోవైపు జేఈఈ, నీట్. రెండేళ్లు హాస్టల్లో ఉండి ఇంటికి వచ్చిన పిల్లవాడికి అమ్మానాన్నలతో వరసగా వారం రోజులు గడిపే అవకాశం అప్పుడే మొదటిసారి దొరుకుతుంది. ఆ వారంలో ఇంట్లో వినిపించేది ఒకే ప్రశ్న: “ఎన్ని వస్తాయనుకుంటున్నావు?”

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఆ పిల్లవాడి దగ్గర లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే, రాసిన పేపరు ఎక్కడికి వెళుతుందో మీకు చెప్పాలి.

దిద్దే గదిలో

స్పాట్ వాల్యుయేషన్ అంటే ఒక కాలేజీ భవనం, వరసగా బల్లలు, మండే ఎండ, పైన తిరిగే ఫ్యాన్లు. ఒక్కో లెక్చరర్ ముందు ఒక కట్ట. జవాబు పత్రం మీద పేరు ఉండదు. హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగాన్ని ముందే వేరు చేస్తారు, బార్‌కోడ్ మాత్రం మిగులుతుంది. మూల్యాంకన పథకం ఒకటి ఇస్తారు: ఈ సూత్రం రాస్తే ఇన్ని మార్కులు, బొమ్మ గీస్తే ఇన్ని, ప్రమాణం రాయకపోతే ఇంత కోత. దాని ప్రకారం ఎర్ర ఇంకుతో మార్కులు వేసి, ప్రశ్నల వారీగా ఎక్కించి, మొత్తం కూడుతాం. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు తీసి మళ్లీ చూస్తారు. దిద్దకుండా వదిలిన జవాబు ఉందా, కూడిక సరిపోయిందా అని స్క్రూటినైజర్ చూస్తారు.

ఆ పిల్లవాడు పరీక్ష రోజున జ్వరంతో ఉన్నాడా, ముందు రాత్రి ఇంట్లో గొడవ జరిగిందా, ఊరి కాలేజీలో ఆ సబ్జెక్టుకు లెక్చరరే లేడా, ఇవేవీ మాకు తెలియవు, తెలిసే వీలూ లేదు. ఆ రోజు, ఆ మూడు గంటల్లో, ఆ ప్రశ్నలకు ఆ చెయ్యి ఏమి రాసిందో అంతవరకే మా తీర్పు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరూ ఒక పిల్లవాడి తెలివికీ భవిష్యత్తుకూ మార్కులు వేశామని అనుకోరు. ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆ అంకెలకు లేని బరువంతా వచ్చిపడుతుంది.

మరో సంగతి కూడా చెప్పాలి. కొన్ని పేపర్ల చివరి పేజీలో జవాబులు కాక వేరే మాటలు ఉండేవి. “సార్, దయచేసి పాస్ చేయండి. ఫెయిలైతే మా నాన్న ఊరుకోడు.” “మేడమ్, మా అమ్మ అప్పు చేసి చదివిస్తోంది.” వంకర గీతల అక్షరాలు, కొన్నిచోట్ల కింద దేవుడి పేరు. ఆ వాక్యాలకు మార్కులు వేసే అధికారం మాకు లేదు. చదివి పక్కన పెట్టి తరువాతి పేపరు తీయాల్సిందే. ఇంట్లో ఉన్న తండ్రితో, రోజూ అన్నం పెట్టే తల్లితో చెప్పుకోలేని భయాన్ని ఆ పిల్లలు ముక్కూ మొహం తెలియని మనిషికి రాసి పంపారు. అంటే పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడే వాళ్లు ఫలితం రోజును ఊహించుకున్నారు. ఆ రోజు ఇంట్లో ఏమి జరుగుతుందో వాళ్ల మనసులో అప్పటికే ఒక బొమ్మ ఉంది. ఆ బొమ్మను మార్చగలిగేది తల్లిదండ్రులే.

కళ్ల ముందు జరిగినవి

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఫలితాల తయారీలో ఎన్నో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చినట్టు చూపిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 ఉన్నాయి. ఆ తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వారందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. కరోనా తరువాత తెలంగాణలో రాసిన ఫస్టియర్ పరీక్షల ఫలితాలు 2021 డిసెంబరులో వస్తే సగానికి పైగా తప్పారు. మళ్లీ పిల్లలు పోయారు, ఆపైన తప్పినవాళ్లందరికీ కనీస మార్కులిచ్చి పాస్ చేశారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాల తరువాత రెండు రోజుల్లో తొమ్మిది మంది విద్యార్థులు చనిపోయారని పత్రికలు రాశాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారందరి మరణానికీ కారణం పరీక్షలే అని చెప్పలేం. ఒక్కో మరణం వెనక ఎన్నో కారణాలు ఉంటాయి. కానీ ఫలితాల వారంలో మన పత్రికల్లో ఏటా ఆ వార్తలు ఎందుకు వస్తున్నాయో మనకు తెలియంది కాదు.

2019 నుంచి మనం రెండు సంగతులు నేర్చుకోవాలి. ఒకటి, మార్కుల మెమో పొరపడవచ్చు. దాన్ని సరిదిద్దే దారులు ఉన్నాయి, సరిదిద్దారు కూడా. రెండోది ఇంకా ముఖ్యం. ఆ మెమోలో ఉన్నది తప్పయినా ఒప్పయినా ఒక పిల్లవాడి ప్రాణం దాని మీద ఆధారపడే పరిస్థితి ఉండకూడదు. మొదటిదాన్ని బోర్డు చూసుకోవాలి. రెండోది ఇంటి పని.

ఓదార్పు కన్నా ముందు మాట

ఫలితం వచ్చాక “పోనీలే కన్నా” అనని తల్లి అరుదు. బిడ్డ ఏడుస్తుంటే ఏ తండ్రి గుండె అయినా కరుగుతుంది. మనలో చాలామందికి ప్రేమకు లోటు లేదు. లోటల్లా సమయానిదే. ఫలితం వచ్చాక చెప్పే మాటను పిల్లలు జాలిగా వింటారు. ‘పైకి అలా అంటున్నారు, లోపల ఎంత బాధపడుతున్నారో’ అనుకుంటారు. పైగా ఆ మాట చెప్పేలోపు, ఫలితం చూసిన ఆ మొదటి అరగంటలో, ఆ పిల్ల ఒంటరిగా ఉండవచ్చు. ఇల్లు చేరకముందే ఏదో నిర్ణయించేసుకోవచ్చు. అందుకే మాట ముందే ఇవ్వాలి. ఫలితం రాకముందు, పాసవుతుందో తప్పుతుందో మీకూ తెలియనప్పుడు చెప్పిన మాటను పిల్ల నమ్ముతుంది. మార్కులు చూసి చెప్పింది కాదు కాబట్టి ఏ మార్కులు వచ్చినా ఆ మాట నిలుస్తుంది.

ఏమి చెప్పాలి? ఉపన్యాసం అక్కర్లేదు. “నాన్నా, ఫలితం ఎలా వచ్చినా ముందు నాకు చెప్పు. నేను అరవను. ఆ రోజు మనం కలిసి భోంచేద్దాం. మర్నాడు కూర్చొని ఏం చేయాలో ఆలోచిద్దాం.” ఇంతే. మా తెలంగాణ పల్లెల్లో అయితే “బిడ్డా, ఏమొచ్చినా ఇంటికి రా” అంటే చాలు. ఎవరింట్లో ఎలా మాట్లాడుకుంటే అలా చెప్పండి. కానీ నోరు తెరిచి చెప్పండి. మన ఇళ్లలో తండ్రులు ప్రేమను చూపుల్లో పెట్టుకుంటారు. ఫీజు కట్టడం, అర్ధరాత్రి బస్టాండుకు వెళ్లి తీసుకురావడం, ఇవన్నీ ప్రేమేనని పిల్లలకు ముప్ఫై ఏళ్లు దాటాక అర్థమవుతుంది. పదహారేళ్లప్పుడు అర్థమయ్యేది తండ్రి నోటి మాటే.

చెప్పేటప్పుడు చివర ‘కానీ’ రాకూడదు. “ఎన్ని వచ్చినా పరవాలేదు, కానీ నీ మీద చాలా ఆశ పెట్టుకున్నాం” అంటే పిల్ల చెవికి చేరేది రెండో సగమే. “ఫలానావాళ్ల అమ్మాయికి 470కి 465 అట” అన్నా అంతే. తెలంగాణలో ఎంపీసీ ఫస్టియర్ రాసిన ఇంట్లో 465 వచ్చినా “ఆ అయిదు ఎక్కడ పోయాయి?” అని అడిగిన సందర్భాలు మీకూ తెలుసు. ఆ పిల్ల ఆ సాయంత్రం పోయిన ఆ అయిదు మార్కులతోనే గడుపుతుంది. వచ్చిన 465 సంగతి ఎవరూ ఎత్తరు. బాగా చదివే పిల్లలకు ఈ భయం ఉండదనుకోవడం పొరపాటు. వాళ్లకు తప్పుతామన్న భయం ఉండదు, ఇంట్లో ముఖాలు వాడిపోతాయన్న భయం ఉంటుంది.

డబ్బు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. కార్పొరేట్ కాలేజీ ఫీజుకు బంగారం కుదువ పెట్టిన సంగతి, ఎకరం పొలం కౌలుకిచ్చిన సంగతి పిల్లలకు తెలుసు. మనం దాచామనుకుంటాం, అర్ధరాత్రి మాటలు గోడల్లోంచి వినిపిస్తూనే ఉంటాయి. దాచినకొద్దీ ఆ అప్పంతా తన మార్కులతోనే తీరాలని పిల్లవాడు లెక్కేసుకుంటాడు. “అప్పు ఇంత ఉంది. దీన్ని తీర్చేది నేను, నీ మార్కులు కాదు. ఇలా తీర్చబోతున్నాను” అని తండ్రి చెబితే ఆ బరువు పిల్లవాడి భుజం దిగుతుంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్లిన తండ్రులు ఈ మాట ఫోనులోనే చెప్పాలి. వాళ్లు చెప్పడం మరీ అవసరం. తండ్రి అక్కడ ఎండలో పడుతున్న కష్టం ఆ పిల్లల మనసులో ఎప్పుడూ మెదులుతూనే ఉంటుంది. “నీ రిజల్టు ఎలా వచ్చినా నా ఉద్యోగం నాకుంటుంది, నువ్వు నాకుంటావు” అని వీడియో కాల్లో ఒక నిమిషం చెప్పినా చాలు.

ఈ కొన్ని వారాలు

మాట ఇచ్చాక దానికి తగ్గట్టు ఇల్లు నడవాలి. ‘కీ’ ముందు పెట్టుకొని మార్కులు లెక్కేయించడం మానేద్దాం. పేపరు చేయి దాటిపోయింది. ఆ లెక్క ఇప్పుడు ఎన్నిసార్లు వేసినా ఒక్క మార్కూ పెరగదు, రాత్రి నిద్ర మాత్రం పోతుంది. ప్రవేశ పరీక్షకు చదువుతున్న పిల్లలైనా రాత్రి వేళకు పడుకోవాలి, సాయంత్రం ఒక గంట గ్రౌండుకో మిద్దె మీదికో వెళ్లాలి. ఇంటి పనుల్లో కలుపుకుందాం. ఆవకాయకు కాయలు తుడవడం, తాతయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లడం, బ్యాంకులో డబ్బు వేయడం, ఇవి చేసే పిల్లకు తను ఇంటికి పనికొచ్చే మనిషినన్న ధైర్యం వస్తుంది. మార్కులతో సంబంధం లేకుండా తనకు ఇంట్లో చోటుందని ఆ పనులే చెబుతాయి.

రెండో దారి ఏమిటో కూడా ఈ వారాల్లోనే, ఎవరూ ఏడవని సమయంలో, కలిసి తెలుసుకోవాలి. మాస్టారి కాలంలో తప్పితే సెప్టెంబరు దాకా ఆగాలి, చాలామందికి ఏడాది పోయేది. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వస్తే సప్లిమెంటరీ మే 12న మొదలైంది. తెలంగాణలో ఏప్రిల్ 22న వస్తే మే 22న మొదలైంది. సరిగ్గా నెల. ఆ పరీక్ష పాసైనవాళ్లు అదే ఏడాది పైచదువుకు వెళ్లవచ్చు. పాసైనా మార్కులు చాలలేదనుకున్న ఫస్టియర్ పిల్లలు బెటర్‌మెంట్ రాసుకోవచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. వాటికి గడువు కొద్ది రోజులే కాబట్టి ఎలా దరఖాస్తు చేయాలో ముందే తెలుసుకొని ఉంచుకోవాలి. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి డిప్లొమాకు వెళ్లవచ్చు, ఐటీఐ ఉంది, ఇంటర్‌లోనే వృత్తి విద్యా కోర్సులు ఉన్నాయి, ఓపెన్ స్కూలు ఉంది. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద పిల్లవాడి చేతే రాయించండి. ఫెయిలైతే ముందు గోడ ఒక్కటే ఉందనుకునే పిల్లవాడికి తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలి.

కొన్ని గుర్తులు కనిపెట్టి ఉండాలి. ఎప్పుడూ మాట్లాడే పిల్ల గది తలుపేసుకోవడం, తిండి, నిద్ర తగ్గిపోవడం, ఇష్టమైన వస్తువులు ఉన్నట్టుండి ఎవరికో ఇచ్చేయడం, “నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు” లాంటి మాటలు. అలాంటి మాట వినిపిస్తే “పిచ్చి మాటలు మాట్లాడకు” అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చొని సూటిగా అడగండి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకు భయం. అలా పుట్టదని మానసిక వైద్యులు చెబుతున్నారు. అడిగితే పిల్ల మనసులో మాట బయటికి వస్తుంది. ఆపైన ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు అవుతుందని, పరువు పోతుందని దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలి, శిక్షించకూడదు. సాయం అడగడానికి భయపడాల్సిన పని లేదు.

ఆ రోజు

ఫలితం ఏ రోజు వస్తుందో ఒకటి రెండు రోజుల ముందే తెలుస్తుంది. ఆ రోజు తల్లిదండ్రుల్లో ఒకరైనా ఇంట్లో ఉండాలి. కూలికి వెళ్లే తల్లికి ఆ రోజు మానుకోవడం కష్టమని తెలుసు. అమ్మమ్మనో, బాబాయినో, పిల్లకు చనువున్న ఒక పెద్దమనిషిని తోడు పెట్టండి. హాస్టల్లో ఉంటే ముందు రోజే ఇంటికి పిలిపించుకోండి. హాల్‌టికెట్ నంబరు ఎవరికీ పంపకండి. ఫలితం ముందు పిల్ల చూసుకోవాలి, తరువాత మీకు చూపించాలి. అప్పుడు మీరు అనే మొదటి మాట వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది. కాబట్టి దాన్ని ముందే అనుకొని ఉంచుకోండి. “రా, ముందు అన్నం తిందాం” అనడం కన్నా మంచి మాట నాకు తోచడం లేదు.

బంధువుల ఫోన్లు మీరు ఎత్తండి. “ఫలితం వచ్చిందండీ, మేం చూసుకుంటున్నాం, తరువాత మాట్లాడతాం” అని పెట్టేయండి. అన్నదమ్ముల పిల్లలు ఒకే ఏడాది రాసిన ఇళ్లలో ఒకరికి కేకు కోసి మరొకరిని పక్కన నిలబెట్టకండి. తప్పిన పిల్ల నవ్వుతూ తిరిగినా, అందరికీ ధైర్యం చెప్పినా, ఆ రాత్రి, ఆ తరువాత కొన్ని రోజులు ఒంటరిగా వదలకండి. అనుకున్న ర్యాంకు రాని ఫస్టు క్లాసు పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. సప్లిమెంటరీ ఫీజు మర్నాడు కట్టుకోవచ్చు. చదువు ప్రణాళిక వారం తరువాత వేసుకోవచ్చు. ఆ రోజు పని ఒక్కటే: పిల్ల తినాలి, పడుకోవాలి, పక్కన మనిషి ఉండాలి.

ఇంటి బయట

భారమంతా తల్లిదండ్రుల మీద వేసి మిగతావాళ్లం తప్పుకోవడానికి వీల్లేదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలంది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదంది. నలుగురిలో అవమానించకూడదంది. తల్లిదండ్రులకు అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కేసు ఇది. ముందుగా అమలు చేయాల్సింది మన కాలేజీలే. మీ పిల్ల చదివే కాలేజీలో కౌన్సెలరు ఎవరో వెళ్లి అడగండి. లేకపోతే ఎప్పుడు నియమిస్తారో అడగండి. ఫీజు కట్టేవాళ్లుగా అది మీ హక్కు.

ర్యాంకుల ప్రకటనల సంగతీ చూడాలి. 2017లో తమిళనాడు ప్రభుత్వం బోర్డు పరీక్షల్లో ర్యాంకులు ప్రకటించడం మానేసింది.  ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2022లో పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధించింది. కానీ ఫలితాల మర్నాడు మన కూడళ్లలో ఫ్లెక్సీలు, టీవీలో అరుపులు ఆగలేదు. నిషేధం ఉంటే అమలు చేయాలి, లేనిచోట తేవాలి. పత్రికల మిత్రులకు ఒక విన్నపం. ఫలితాలు వేసిన పేజీలోనే సప్లిమెంటరీ తేదీలు, 14416 నంబరు అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ఉపాధ్యాయులకు మరో విన్నపం. మీ క్లాసులో తప్పిన పిల్లల ఇళ్లకు ఆ రోజే ఒక ఫోను చేయండి. అది ఉత్తర్వులు చూసి చేసే పని కాదు, మనం పాఠం చెప్పిన పిల్లలు కాబట్టి చేసే పని.

బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పేది ఒక్కటే. ఫలితాల వారంలో ఎవరింటికైనా ఫోను చేస్తే మార్కులు అడగకండి. వాళ్లు చెబితే సంతోషించండి, చెప్పకపోతే పిల్లవాడు ఎలా ఉన్నాడో అడిగి పెట్టేయండి.

చివరగా ఈ సభలోని తల్లిదండ్రులకు ఒక మనవి. ఫలితాలు త్వరలోనే వస్తాయి. ఇవాళ ఇంటికి వెళ్లాక టీవీ ఆపి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఫలితం ఎలా వచ్చినా ముందు మీ దగ్గరికే రమ్మని చెప్పండి. అరవనని మాట ఇవ్వండి. ఆ రోజు ఇంట్లో ఎవరు ఉంటారో ఇప్పుడే తేల్చుకోండి. 14416 నంబరును మీ ఫోనులోనూ, పిల్లల ఫోనులోనూ పెట్టండి. ఆ తరువాత మార్కులు ఎన్నయినా రానివ్వండి, ఇచ్చిన మాట మీద నిలబడండి. తప్పిన పరీక్షను నెల తిరిగేసరికి మళ్లీ రాయించవచ్చు. పోయిన బిడ్డను ఏ బోర్డూ, ఏ కోర్టూ మనకు తిరిగి ఇవ్వలేదు.